చివరి షాట్‌ను ముందు పెట్టినవాడు

మా బావమరిది పోయాడు. ఈ సంగతి నాకు ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. లోకానికి మాత్రం ఒక వీడియో చెప్పింది. నేను ఆసుపత్రి మెట్లు దిగి ఆటో కోసం చూస్తూండగానే అది నా ఫోనుకి వచ్చేసింది. ముందు నల్లటి తెర. పిడుగు పడ్డ చప్పుడు. తెరలోంచి మన మొహం మీదకి దూసుకొచ్చే అక్షరాల్లో 'ఒక శకం ముగిసింది'. ఆ తర్వాత దండ వేసిన ఫోటో. ఆ తర్వాత డప్పులు, మంటలు, ఎగిరే పావురాలు. ఎవరో సినిమా సంఘం కుర్రాళ్ళు ప్రేమతోనే చేసి ఉంటారు. కానీ నలభై ఏళ్ళు ట్రైలర్లు కత్తిరించిన మనిషికి ఇలాంటి ట్రైలర్ కట్టడమేమిటి? చచ్చిపోయాడని ముందే చెప్పేసి, తర్వాత నిక్కరు వేసుకున్న చిన్ననాటి ఫోటో చూపిస్తే చూసేవాడికి ఇంక ఏం మిగిలింది? బతికుంటే ఆ ఫోను నా చేతిలోంచి లాక్కుని, 'బావగారూ, ఇది చూడక్కర్లేదు, చదివేశాం' అని ఉండేవాడు.

అతను సినిమా ఎడిటర్. అందులోనూ ట్రైలర్ల ఎడిటర్. పరాయివాళ్ళు తీసిన రెండున్నర గంటల సినిమాని రెండు నిమిషాలు చేసి, జనాన్ని హాలు దాకా నడిపించడం అతని పని. మద్రాసులో మొదలుపెట్టి హైదరాబాదులో కొనసాగించి, గుండె మొరాయించాక రాజమండ్రి వచ్చి మా ఇంటి పై వాటాలో ఉన్నాడు. అంతకు చాలా ముందు, ఇక్కడి కాలేజీలో నేను తెలుగు చెప్పే రోజుల్లో, నా దగ్గరే బి.ఏ. చదివాడు.

మా ఆవిడకి తమ్ముడు, నాకు శిష్యుడు. ఈ రెండింట్లో ఏది ముందు అన్నది అతనికి ఇష్టమైన హాస్యం. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా నా ఎదురుగానే మొదలుపెట్టేవాడు. "మా బావగారు ముందు మా అక్కని చేసుకుని తర్వాత నాకు పాఠం చెప్పారంటే పెద్దమనిషి. ముందు నాకు పాఠం చెప్పి, పుస్తకాలిస్తానని మా ఇంటికొచ్చి, తర్వాత మా అక్కని చేసుకున్నారంటే... చూశారా, జరిగింది అదే. వరస మార్చేసరికి క్యారెక్టరే మారిపోయింది." వచ్చినవాళ్ళు నా మొహంలోకి చూసేవాళ్ళు. లోపల్నుంచి మా ఆవిడ, "రెండోదేరా!" అని అరిచేది. నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

అతని గర్వం గురించి కూడా చెప్పాలి. పోయినవాళ్ళందరినీ నిగర్వులని రాయడం మన వాళ్ళకి అలవాటైపోయింది. ఇతనికి గర్వం దండిగా ఉండేది. మీసానికి రంగు, చొక్కాకి అత్తరు. గొప్ప డైరెక్టర్ల పేర్లు చెప్పి, 'పాపం, వాళ్ళకి తీయడం వచ్చు' అని ఊరుకునేవాడు. ఏ సినిమాకి వెళ్ళినా విశ్రాంతి దాకా చూసి లేచి వచ్చేసేవాడు. ఇంటికొచ్చి మిగతా కథ తనే ఊహించి మా ఆవిడకి చెప్పి, మర్నాడు మళ్ళీ టిక్కెట్టు కొని రెండో సగం చూసి సరిపోల్చుకునేవాడు. "ఎవరిది బాగుంది?" అని ఆవిడ అడిగితే, "వాళ్ళదీ పర్వాలేదక్కా" అనేవాడు. ట్రైలర్లు మాత్రం శబ్దం తీసేసి చూసేవాడు. డప్పులు లేకపోతే నిలబడని ట్రైలర్ ట్రైలరే కాదని అతని తీర్మానం.

పాత రోజుల్లో హాలు గుమ్మం దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాళ్ళు. మొదటి పేజీలో కథ ఉండేది. కథ మంచి పట్టు మీదకి వచ్చాక ఆపేసి, 'మిగతా కథ వెండితెరపై చూడండి' అని వేసేవాళ్ళు. ఆ వాక్యం ఎక్కడ పెట్టాలో తెలిసినవాడే అసలైన విమర్శకుడని మా బావమరిది అనేవాడు. విద్యార్థిగా ఉన్నప్పుడే ఈ పిచ్చి ముదిరింది. ఒకసారి కాలేజీ పరీక్షలో ఒక కావ్యకథ సంగ్రహంగా రాయమంటే సగం రాసి, 'మిగతా కథ వచ్చే పరీక్షలో' అని సంతకం పెట్టాడు. నేను సగం మార్కులు వేసి, 'మిగతా మార్కులు వచ్చే పరీక్షలో' అని రాశాను. మొన్న మొన్నటిదాకా ఆ మార్కులు అడుగుతూనే ఉన్నాడు.

నేను అతనికి చెప్పిన పాఠాల్లో వంటబట్టినవి రెండు. మొదటిది ప్రరోచన. మన సంస్కృత నాటకాల్లో అసలు కథ మొదలవకముందే సూత్రధారుడు వచ్చి, కవిని పొగిడి, నాటకాన్ని పొగిడి, కూర్చున్న జనాన్ని కూడా నాలుగు మాటలు పొగిడి, చూడాలనే కోరిక పుట్టిస్తాడు. దాన్నే ప్రరోచన అంటారు. ట్రైలర్‌కి మన పెద్దలు పెట్టిన పేరు అదేనని క్లాసులో అంటే అందరూ నవ్వారు, అతను రాసుకున్నాడు. రెండోది, కథ వేరు, కథనం వేరు. జరిగిన వరస ఒకటి, చెప్పే వరస ఇంకొకటి. పాశ్చాత్యులు దీన్ని కొత్తగా కనిపెట్టినట్టు లావు లావు గ్రంథాలు రాశారు. మన యూనివర్సిటీల్లో ఆ గ్రంథాలకి నోట్సులు రాసి బతికేశారు. ఒకసారి కథనశాస్త్రం మీద సదస్సుకి మా బావమరిదిని పిలిచారు. ఒక ప్రొఫెసరుగారు అధ్యక్షోపన్యాసమే భోజనాల దాకా లాగి, ఇతనికి 'రెండు ముక్కలు' చెప్పమన్నారు. ఇతను లేచి, "అధ్యక్షులవారి ఉపన్యాసంలో నేను ఏడు చోట్ల కట్ చేసేవాణ్ణి. మొదటి చోటు, నమస్కారం దగ్గర" అని కూర్చున్నాడు. మళ్ళీ పిలవలేదు. ఆ ప్రొఫెసరుగారు మొన్న సంతాపసభలో అతను తన ఆత్మీయ మిత్రుడని ముప్పావుగంట మాట్లాడారు.

నాటకంలో కథకి ఐదు సంధులు చెబుతారు. మూడోది గర్భసంధి. దొరికిందనుకున్నది చేజారిపోయి, మళ్ళీ వెతుక్కునే చోటు. "ట్రైలర్ గర్భసంధి దగ్గర ఆగాలి బావగారూ. దాటితే హాలు బయటే పురుడు పోసినట్టు" అనేవాడు. ఇప్పుడు వస్తున్నవన్నీ హాలు బయట పురుళ్ళే. హీరో పుడతాడు, చెల్లెలు చచ్చిపోతుంది, హీరో అడవిలోంచి వస్తాడు, విలన్ని నరికేస్తాడు, చివర ఒక కోడి జోకు. ఇంక టిక్కెట్టెందుకు? ఈ మాట ఎవరితో అన్నా, 'మీకు నేటి ట్రెండ్ తెలీదు మాస్టారూ' అంటారు. తెలుసు. తెలుసు కాబట్టే విసుగు.

అతను చేసిన ఆఖరి పని గురించి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. రామచంద్రపురం దగ్గర పల్లెటూళ్ళో బడిపంతులుగారి అమ్మాయి ఒక సినిమా తీసింది. తొలి సినిమా. కథ చిన్నది. పోలవరం ప్రాజెక్టుకి ఎగువన మునిగిపోయే ఊళ్ళో అందరూ ఇళ్ళు ఖాళీ చేసి సర్కారు కట్టించిన కాలనీకి వెళ్ళిపోతారు. ఒక్క ముసలావిడ కదలనంటుంది. వెళుతుందా, వెళ్ళదా? సినిమా అంతా ఆ ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. చివరికి వెళుతుంది. కానీ వెళ్ళేముందు తన ఇంటి ద్వారబంధం ఊడదీయించి, పసుపు రాసి, బొట్లు పెట్టి, పడవలో నిలబెట్టి తీసుకుపోతుంది. కాలనీ ఇంటికి ఇనప తలుపులు ముందే బిగించేశారు. ఈ ద్వారబంధం పెట్టుకునే చోటు ఎక్కడా లేదు. ఏటి మధ్యలో పడవ, పడవలో నిలువుగా ద్వారబంధం, దాన్ని పట్టుకుని ఆవిడ, లోపల్నుంచి కనిపించే గోదారి. సినిమా అయిపోతుంది.

పెద్ద నటులు లేరు. పాటలు లేవు. ట్రైలర్ చూసి జనం వస్తే సరి, లేకపోతే ఆ వారంతోనే తీసేస్తారు. ఆ అమ్మాయికి ఇంకో సినిమా ఎవరూ ఇవ్వరు. డాక్టర్లు వద్దంటున్నా మా బావమరిది ఆ పని ఒప్పుకున్నాడు.

నిర్మాత భీమవరం వైపు రొయ్యల చెరువుల ఆసామి. చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్ళతో నాకెప్పుడూ ఇబ్బంది లేదు, ఇలాంటివాళ్ళతోనే. ఒక సాయంత్రం పై వాటాలో కంప్యూటరు ముందు అందరం కూర్చున్నాం.

"మేస్టారూ, ఆవిడ వెళ్ళిందా లేదా? జనం అడిగేది అదే కదండీ" అన్నాడాయన మా బావమరిదితో. "ఆ పడవ షాట్ తీసుకెళ్ళి చివర్లో దించెయ్యండి. ఏడుస్తారండి. ఏడిస్తే వస్తారు."

"అది చూపించేస్తే ఇంక సినిమాలో ఏం ఉందండీ?" అంది ఆ అమ్మాయి.

"ఏం ఉందంటావేంటమ్మా? రెండు గంటల సినిమా ఉంది."

నేను ఊరుకోలేకపోయాను. "జవాబులు అంటించి ప్రశ్నపత్రం పంచుతారా ఎవరైనా?"

"ఆయ్, అలా పంచితే అందరూ పాసైపోతారు కదండీ!"

మా బావమరిది నవ్వలేదు. ఆలోచిస్తున్నప్పుడు అతను మీసం చివర కొరికేవాడు, రంగు పెదవికి అంటుకునేది. "మీకు ఆ షాట్ ఉండాలి. అంతే కదండీ?" అన్నాడు.

"ఆయ్. ఉండాలండి."

"ట్రైలర్ చివరిదాకా ఎవరు చూస్తున్నారండీ? వేలితో పక్కకి తోసేస్తున్నారు. ముందు పెట్టేస్తాను. మొట్టమొదటి షాట్. ఖాయంగా చూస్తారు."

ఆసామి మొహం వెలిగిపోయింది. ఆ అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మీరు కూడానా?" అని సంచి భుజాన వేసుకుంది. ఆ అమ్మాయి మెట్ల దాకా వెళ్ళేసరికి ఇతను కిటికీలోంచి కిందకి కేకేశాడు. "అక్కా! కాఫీ తర్వాత పెడుదువుగాని, ఒక్కసారి పైకి రా. ఏవమ్మా, నువ్వు కూడా ఒక్క నిమిషం కూర్చో. వెళ్ళేది ఎలాగూ వెళతావు."

అక్కడికక్కడే ఆ షాట్ ముందుకి జరిపి, మిగతాది దాని వెనక తగిలించి, మా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మీట నొక్కాడు. ఆవిడకి కథ తెలీదు. తెర మీద ఏరు, పడవ ఇంజను చప్పుడు, పసుపు రాసిన ద్వారబంధం.

"ఎవరిల్లురా కడుతున్నారు?" అంది మా ఆవిడ వెంటనే. "టేకేనా? ఏటి మీద తెస్తున్నారంటే పైనుంచి కొన్నట్టున్నారు. బొట్లు ఎంత చక్కగా పెట్టారో చూడు."

తర్వాత ఖాళీ ఇళ్ళు, ఆఫీసరుతో ముసలావిడ పోట్లాట, అరుగు మీద ఒంటరి కుక్క, కూతురు ఫోనులో బతిమాలడం. అక్కడ ఆపేశాడు.

"అదేంటి? ఊరు మునిగిపోతూంటే ఈవిడ కొత్తిల్లు కట్టుకుంటోందా? మతి గానీ పోయిందా?" అంది మా ఆవిడ. "మిగతాది వెయ్యరా."

"రిలీజయ్యే శుక్రవారం హాల్లో వేస్తారక్కా."

మెట్ల దగ్గర నిలబడ్డ అమ్మాయి అక్కడే చతికిలబడి, చున్నీతో మొహం కప్పుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలీకుండా ఊగిపోయింది. మన గోదావరి జిల్లాల్లో పసుపు రాసిన ద్వారబంధం కనిపిస్తే ఎవరికైనా ఒక్కటే అర్థం, ఎక్కడో కొత్త ఇల్లు లేస్తోందని. ద్వారబంధం ఎత్తడమంటే ముహూర్తం, పేరంటం, పప్పు బెల్లాలు. ఇల్లు పోతున్నప్పుడు పసుపు రాస్తారని ఎవరూ అనుకోరు. ఆసామి మాత్రం, "షాట్ ఉంది కదండీ, నాకదే చాలు" అని సంతోషంగా వెళ్ళాడు. ఆయనకి చివరిదాకా సంగతి అర్థం కాలేదు.

నాకు అర్థమైంది, ఒళ్ళు మండింది. ఇది మోసం అన్నాను. ప్రరోచన ఆశ పెట్టాలి గానీ తప్పుదారి పట్టించకూడదు.

"ఏం మోసం చేశానండీ? సన్నాయి కలిపానా? ముహూర్తం అని అక్షరాలు వేశానా? ఉన్న చప్పుడే, ఉన్న బొమ్మే. నేను జరిగింది చూపించాను, మీరు జరగబోయేది చూశారు."

"చివరను ముందు పెట్టావు."

"పెట్టాను. ఇది చివర అని చెప్పి పెట్టడం వేరు, చెప్పకుండా పెట్టడం వేరు. వరస మారితే అర్థం మారుతుందని మీరు చెప్పిందేగా?"

"క్లాసులో చెప్పింది బజార్లో పెట్టమనలేదు."

"హాల్లో ఆ షాట్ వచ్చినప్పుడు, తాము పొరబడ్డామని వాళ్ళకి తెలుస్తుంది బావగారూ. ఈ ట్రైలర్ అక్కడ పూర్తవుతుంది. అప్పటిదాకా ఇది సగమే. మీరు కావాలంటే సగం మార్కులు వేసుకోండి."

రోజూ కాఫీ దగ్గర ఇదే తగువు. వారం తిరిగేసరికి ట్రైలర్ బయటికి వచ్చింది. ఆ తర్వాతి వారం అతను పోయాడు. తగువు తేలలేదు.

సంతాపసభ అయిన మర్నాడు ఆసామి మా ఇంటికి వచ్చాడు. వెనకాల ఆ అమ్మాయి, కళ్ళు ఎర్రగా. ఆయన ఫోను తీసి మా ఆవిడ చేతిలో పెట్టాడు. కొత్త ట్రైలర్ అట. నివాళి అట. మళ్ళీ ఆ పిడుగు. మా బావమరిది ఫోటో, దండ. సినిమాలోంచి నాలుగు ముక్కలు. చివరికి ఏడుపు పాటతో పడవ షాట్, దాని మీద అక్షరాలు: 'ఆమె వెళ్ళిపోయింది. ఆయనా వెళ్ళిపోయారు.'

నా జన్మలో ఇంత నీచమైన వాక్యం చదవలేదు. పత్రికల్లో సమీక్షలు చదివినవాణ్ణి నేను.

"రేపు పాతది తీసేసి ఇది పెట్టేస్తామండి. మేస్టారికి ఘనంగా ఉంటది. అక్కగారు రెండు ముక్కలు మాట్లాడితే అది కూడా కలుపుతాం" అన్నాడు ఆసామి.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "మాస్టారూ, మీరు చెప్పండి. నా మాట వినట్లేదు."

నేను చెప్పాను. కథ, కథనం, ప్రరోచన, ఐదు సంధులు, పాటల పుస్తకాలు, అన్నీ విప్పాను. ఆయన ప్రతి మాటకీ "ఆయ్... ఆయ్..." అంటూ ఎంతో మర్యాదగా విన్నాడు. మన వైపు 'ఆయ్' అంటే ఒప్పుకున్నారని కాదు. మీరు కానివ్వండి, నేను చేసేది చేస్తాను అని. జీవితమంతా ఇలాంటి 'ఆయ్'లకే పాఠం చెప్పానని ఆ పూట నాకు మళ్ళీ గుర్తొచ్చింది. చివరికి ఆయన వాచీ చూసుకున్నాడు.

మా ఆవిడ ఫోను ఆయనకి తిరిగి ఇచ్చేస్తూ అంది. "బాబూ, మీ ఇంట్లో ద్వారబంధం ఎత్తినప్పుడు పక్కన చావు కబురు చెప్పనిచ్చారా?"

"ఛ, ఛ. అదేం మాటండీ?"

"మరి ఇదేంటి? పసుపు రాసిన ద్వారబంధం మీద మా తమ్ముడి చావు రాయించారు. తొలి సినిమా. శుక్రవారం కొబ్బరికాయ కొట్టి వదులుతున్నారు."

ఆసామి ఫోను వైపు ఒకసారి చూసి, తెర ఆర్పేసి, జేబులో పెట్టేసుకున్నాడు. "అక్కగారూ, మా కుర్రాళ్ళకి తెలీదండి. నేనూ చూసుకోలేదు. పాతదే ఉంటదండి. ముట్టుకోం. ఎవర్నీ ముట్టుకోనివ్వను" అని, ఆవిడకి రెండు చేతులూ జోడించి, నాకు ఒక చెయ్యి తగ్గించి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి మా ఆవిడ చేతులు పట్టుకుని వదల్లేదు.

వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను. "నీకు ఇలాంటి పట్టింపులు ఎప్పట్నుంచి?"

"నాకేం పట్టింపు? ఆయనకుంది కదా" అంది. "వాడు ఎక్కడ పెట్టాడో అక్కడ ఉండాలి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను చదివిన శాస్త్రమంతా కలిసి చేయలేని పని ఒక శకునం చేసిందంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

శుక్రవారం మ్యాట్నీకి ఇద్దరం వెళ్ళాం. హాలు నిండలేదు, అలాగని ఖాళీగానూ లేదు. మా ముందు వరసలో ఒక నడివయసు జంట. ఆవిడ కూర్చుంటూనే, "ట్రైలర్‌లో చూశాంగా, ముసలావిడ కొత్తిల్లు కట్టుకుంటది" అని భర్తకి చెప్పింది. సినిమా అంతా ఆ కొత్తిల్లు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసింది. ఊళ్ళో ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతుంటే, "పోనీలే, ఈవిడకి ఇల్లు లేస్తదిగా" అని గొణిగింది. ఆఖర్న ముసలావిడ తన గుమ్మం ముందు పసుపు కలుపుతోంది. ఊడదీసిన గోడలోంచి మట్టి రాలుతోంది. ఏరు. ఇంజను చప్పుడు. పడవలో ద్వారబంధం.

"అయ్యో," అంది ముందు వరసలో ఆవిడ పైకే. "ఇదా? ఇది కట్టుకోవడానికి కాదా?"

ఎవరూ ఆవిణ్ణి ఊరుకోమనలేదు. ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకోలేదు, తన ఒళ్ళో చేతులు తనే గట్టిగా పట్టుకుని కూర్చుంది.

ప్రేక్షకుణ్ణి అలా పొరబడనివ్వకూడదన్న నా అభ్యంతరం అలాగే ఉంది. అతను పక్కన ఉంటే ఇంకోసారి అనేవాణ్ణి, అతనూ ఇంకోసారి వాదించేవాడు.

లైట్లు వేశారు. జనం వెళ్ళిపోతున్నారు. ముందు వరసలో ఆవిడ భర్త గుమ్మం దగ్గర ఆగి పిలుస్తున్నాడు. ఆవిడ లేచి నిలబడి, కుర్చీ కింద చెప్పుల కోసం కాలితో వెతుక్కుంటోంది. కళ్ళు మాత్రం తెల్లటి తెర మీదే ఉన్నాయి.